ఫారిన్ కాన్ఫరెన్స్‌లో ఓరల్ అడిగితే పోస్టర్ ఇచ్చినారు, పోవల్లా వద్దా?

ఉగ్గానిబజ్జి, అనంతపురం | ఫిబ్రవరి 11, రాత్రి 10:48

అందరికీ నమస్తే. శానా దినాల నుంచి ఇక్కడ చదివేదే గానీ రాసింది లేదు, ఈ పొద్దు రాయక తప్పలేదు. నేను అనంతపురంలో సైకాలజీ పీహెచ్‌డీ, నాలుగో సంవత్సరం. పెండ్లాము కువైట్‌కు ఇంటిపనికి పోయి, మొగుడు పిల్లల్ని పెట్టుకోని ఊర్లోనే ఉంటాడు చూడండి, అట్లాంటి జంటల మధ్య సంబంధం ఏండ్ల తరబడి ఎట్ల నిలబడుతుంది అనేది నా టాపిక్. రాయచోటి పక్క పల్లెల్లో తిరిగి మొగోళ్ళతో ఎదురుగా కూచోని, ఆయమ్మలతో ఐమో కాల్‌లో మాట్లాడి రాసుకున్నా. దాని మీద ఒక ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్‌కు అబ్‌స్ట్రాక్ట్ (పని సారాంశం) పంపిస్తే సెలెక్ట్ అయింది, కానీ ఓరల్ (స్టేజీ ఎక్కి మాట్లాడేది) అడిగితే పోస్టర్ (పెద్ద కాగితం మీద అచ్చేసి దాని పక్కన నిలబడి చెప్పేది) ఇచ్చినారు. మా గైడ్ సార్ ఏమో పోస్టర్ అతికించడానికి ఎవరన్నా విమానం ఎక్కుతారా అంటాండాడు, హాస్టల్లో పోస్టర్ అంటే ఫెయిల్ కింద లెక్కే అంటాండారు. సభ జులైలో, యూరప్‌లో. ఊరు పేరు చెప్పను, చెప్తే నేనెవరో మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలిసిపోతుంది. దుడ్లు లేవు, ఇంగ్లీషు రాయడం వస్తుంది గానీ మాట్లాడాలంటే నోరు తడారిపోతుంది. పోయినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండప్పా, పోవల్లా మానుకోవల్లా?

కొండారెడ్డి బురుజు, కర్నూలు | ఫిబ్రవరి 11, రాత్రి 11:30

అమ్మా, పోయేదీ మానుకునేదీ తర్వాత, ముందు అది అసలైన సభేనా? ఎందుకంటే నేను కాలిన చెయ్యి. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు 'ఓ ప్రఖ్యాత ప్రొఫెసర్ గారూ' అని మెయిల్ వచ్చింది, నేనప్పుడు గెస్ట్ లెక్చరర్‌ని, ఆ ఒక్క మాటకే పడిపోయినా. రిజిస్ట్రేషన్ కట్టి పోతే ఒక హోటల్లో ఒకే హాలు, నాకు ముందు పళ్ళ డాక్టరు, నా తర్వాత కాంక్రీటు మీద ఒకాయన, వినేవాళ్ళు ఆరుగురు, ఆ ఆరుగురూ తమ వంతు కోసం కూచున్నోళ్ళే. మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్, అంతే. ఎవరు నడుపుతున్నారు, కమిటీలో ఉన్నోళ్ళ పేర్లు వాళ్ళ యూనివర్సిటీ పేజీల్లో నిజంగా ఉన్నాయా, పోయినసారి ప్రోగ్రాం పుస్తకం దొరుకుతుందా చూడు. ఒక్క రోజులో 'మీ పేపర్ అద్భుతం' అని జవాబొస్తే మాత్రం ఆ పక్కకే పోవద్దు.

ఉగ్గానిబజ్జి, అనంతపురం | ఫిబ్రవరి 12, ఉదయం 7:05

సార్, అసలైనదే. ఐఏఆర్ఆర్ అని, ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఫర్ రిలేషన్‌షిప్ రీసెర్చ్ వాళ్ళది. ఈ సబ్జెక్టుకు మొదటి ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్ 1982లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో జరిగింది, 1984లో స్టీవ్ డక్ ఎడిటర్‌గా వీళ్ళకంటూ ఒక జర్నల్ వచ్చింది. తర్వాత రెండు సంఘాలై వేర్వేరుగా నడిచి 2004లో ఒకటైనాయి, అదే ఈ సంఘం. రెండేండ్లకొకసారి పెద్ద సభ, నడుమ నడుమ చిన్నవి. నాకు జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది, ఇద్దరు రివ్యూయర్లు రాసినారు, అందులో ఒకాయన 'మీ కొలతలు ఈ జనానికి సరిపోతాయా' అని బాగా గీకినాడు. పొగిడింది ఎవరూ లేరు సార్, అందుకే నమ్మకం కుదిరింది.

కొండారెడ్డి బురుజు, కర్నూలు | ఫిబ్రవరి 12, ఉదయం 7:40

గీకినారంటే అసలైనదే. పో.

రాగిసంగటి, జమ్మలమడుగు | ఫిబ్రవరి 12, ఉదయం 9:15

ఎవరూ ఏమీ అనుకోవద్దు గానీ నాకొకటి అర్థం కాలే. మొగుడూ పెండ్లాల సంగతి తెలుసుకోడానికి విమానమెక్కి యూరప్ పోవల్లనా మ్మే? మా ఈదిలో సాయంత్రం అరుగు మీద గంట కూచుంటే ఐదు థీసిస్‌లు తేలతాయి. దీన్నీ సైన్సు అంటారా, ఏమో.

చిత్రావతి ఒడ్డు, ధర్మవరం | ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 1:20

రాగిసంగటీ, నేను ముప్పై ఏళ్ళు కాలేజీలో ఇదే పాఠం చెప్పి రిటైరయినదాన్ని, ఈ మాట ప్రతి సంవత్సరం కొత్త బ్యాచ్‌లో ఒకడు అనేవాడు, కోపమేమీ లేదు. అరుగు మీద మాటలకూ దీనికీ తేడా ఒకటే నాయనా, అరుగు మీద చెప్పింది తప్పయినా ఎవరూ వెనక్కి తీసుకోరు. ఒక ఉదాహరణ చెప్తాను. తల్లికి బిడ్డ అతుక్కోవడం గురించి బౌల్బీ, ఐన్స్‌వర్త్ అనే సైకాలజిస్టులు చెప్పింది పెద్దయినాక ప్రేమల్లోనూ కనబడుతుందా అని హాజన్, షేవర్ అనే ఇద్దరికి అనుమానమొచ్చింది. ఏం చేశారు? డెన్వర్‌లో ఒక దినపత్రికలో 'లవ్ క్విజ్' వేయించారు. వచ్చిన జవాబుల్లోంచి 620 తీసుకుని లెక్కగట్టి 1987లో అచ్చేశారు. మూడు పేరాలు చదివి నువ్వు ఏ రకమో టిక్కు పెట్టడమే, మన వారపత్రికల్లో వచ్చేవి చూడు, సరిగ్గా అట్లాంటిదే. తర్వాత ఎన్నో దేశాల వాళ్ళు దాన్ని పట్టుకుని అది తప్పు, ఇది సరిపోదు, మూడు రకాలు కాదు రెండు కొలతలు అని సరిచేసుకుంటూ వచ్చారు. ఆ సరిచేసుకోవడం జరిగేది ఇట్లాంటి సభల్లోనే. అమ్మాయ్ ఉగ్గాని, నువ్వు పోవాలి, పోస్టరయినా సరే.

రాగిసంగటి, జమ్మలమడుగు | ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 2:02

సరే మేడం, ఒప్పుకున్నా. మల్ల ప్రేమను ఎట్ల కొలుస్తారో అదన్నా చెప్పమనండి. మా నాయన మా యమ్మను నలభై ఏండ్లలో ఒక్కసారి పేరు పెట్టి పిల్చింది లేదు, 'ఇదిగో' అంటాడు అంతే, ఆయప్పకు ఎన్ని మార్కులేస్తారు?

ఉగ్గానిబజ్జి, అనంతపురం | ఫిబ్రవరి 12, రాత్రి 9:55

అన్నా, నా కష్టం సరిగ్గా ఆడనే ఉండాది, నువ్వు నవ్వుతాలకు అడిగినావు గానీ నేను ఒక సంవత్సరం దీంతోనే పడినా.

హెన్‌డ్రిక్ అనే ఆయమ్మ 1988లో చేసిన స్కేలు ఒకటుండాది, బంధంలో ఎంత తృప్తి ఉందో కొలిచేది, ఏడే ప్రశ్నలు, ప్రపంచమంతా వాడతారు. తెలుగు చేసినా, ఇంకొకరి చేత మళ్ళా ఇంగ్లీషులోకి తిప్పించి సరిచూసినా, పద్ధతి ప్రకారం అంతా చేసినా. ఊర్లోకి తీసుకపోతే మొదటి దినమే బోల్తా. నాలుగో ప్రశ్న ఏమంటే ఈ బంధంలోకి రాకుండా ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నారు అని, నేను 'ఈ పెండ్లి చేసుకోకుండా ఉంటే బాగుండునని ఎప్పుడన్నా అనిపించిందా' అని అడిగితే ఆయమ్మ ఫోన్లో గట్టిగా నవ్వి 'పెండ్లి నేను చేసుకుంటినా పాపా? చేసిరి' అనె. ఇంగ దానికి ఒకటి నుంచి ఐదులో ఏ నంబరు వెయ్యల్ల? ఐదో ప్రశ్న, మీరు మొదట ఆశించినట్టు ఉందా అని. 'ఆశ పడేకి టయిమేది, శుక్రవారం చూసిరి, వచ్చే బుధవారం తాళి' అని ఇంకొకామె.

అత్తింటివాళ్ళ సపోర్టు గురించి నేనే కొన్ని ప్రశ్నలు కలిపినా. అందులో సగం మందివి మేనరికాలు. 'అత్త అంటే ఎవురు, మా నాయన తోడబుట్టిన అక్కే కదా, ఆమె నన్ను ఎత్తుకోని పెంచింది' అంటారు. పిల్లల్ని ఆ అత్త దగ్గర వదిలి కువైట్‌కు పోవడం, ముక్కూమొగం తెలీని అత్త దగ్గర వదిలిపోవడం ఒకటేనా? నా ఫారంలో రెండూ ఒకే గడిలో పడతాయి.

ఇంకొకటి చెప్పి ఆపేస్తా. ఆరన్ వాళ్ళు 1992లో చేసిన బొమ్మల స్కేలు ఉంది, రెండు సున్నాలు, ఒకటి నువ్వు, ఇంకొకటి నీ మనిషి, దూరంగా ఉండేకాడి నుంచి దాదాపు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేదాకా ఏడు బొమ్మలు, మీరిద్దరూ ఏ బొమ్మ మాదిరి ఉన్నారో చూపించాలంతే. చదువు రానోళ్ళకు ఇదే మ్యాలని అనుకున్నా. కాగితం చూపిస్తే ఒకాయన తిప్పి తిప్పి చూసి ఇవేందమ్మా జొన్నరొట్టెలా అన్నాడు. అప్పుడు నా చేతిగాజులు రెండు తీసి మంచం మీద పెట్టి ఇది నువ్వు, ఇది ఆమె అన్నా. ఆయన రెండిటినీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెట్టినాడు. పెట్టి కొంచేపు చూసినాడు. మల్ల పైన గాజు తీసి మంచం ఆ కొసకు జరిపి 'ఇప్పుడు యాడుందో ఆడ పెట్టమన్నావా, ఎట్లుందో అట్ల పెట్టమన్నావా' అని అడిగినాడు.

ఆ బొమ్మల్లో దూరమంటే ఒకటే అర్థం. ఆయనకు రెండు.

చిత్రావతి ఒడ్డు, ధర్మవరం | ఫిబ్రవరి 12, రాత్రి 10:20

అమ్మాయ్, నీ పోస్టర్ అదే. ఆ గాజులే. ఇంకేమీ పెట్టకపోయినా ఫర్వాలేదు.

దేవునికడప, కడప | ఫిబ్రవరి 12, రాత్రి 10:41

అక్కా నాకొక డౌటు, ఊర్లోళ్ళకు నువ్వు చేసేది ఏమని చెప్పినావు? 'సంబంధాల మీద రీసెర్చ్' అని చెప్తే మాత్రం నిన్ను పెండ్లిళ్ళ పేరమ్మ అనుకోని ఉంటారు

ఉగ్గానిబజ్జి, అనంతపురం | ఫిబ్రవరి 12, రాత్రి 10:50

తమ్ముడూ అదే జరిగింది!! మొదటి ఊర్లో ఒక పెద్దాయన రెండు జాతకాలు తెచ్చి చేతిలో పెట్టినాడు, మా వాడు సచివాలయంలో ఉద్యోగం, కట్నం ఎంతయినా ఫర్వాలేదు అని. ఇంకో ఊర్లో 'సంబంధం' అంటే చాటుమాటు సంబంధం అనుకోని ఒకాయన నన్ను వాకిట్లోంచే పంపించినాడు. అప్పటి నుంచి 'ఆలుమగల కష్టసుఖాలు రాసుకుంటాండా' అని చెప్తా. ఎవరికీ అడ్డం లేదు.

హిందూపూర్ టు బెంగళూరు | ఫిబ్రవరి 13, ఉదయం 8:30

లేటుగా చూసినాను. నాది వేరే సబ్జెక్టు గానీ ఓరల్లు, పోస్టర్లు కలిపి ఒక పది చేసుంటా, కాబట్టి కొంచెం చెప్తా. మన యూనివర్సిటీల్లో పోస్టర్ అంటే చులకన, దానికి పాయింట్లు కూడా సరిగ్గా రావు, అది నిజమే. కానీ ఓరల్‌లో ఏం జరుగుతుందంటే పదిహేను నిమిషాలిస్తారు, పన్నెండు నువ్వు మాట్లాడి మూడు నిమిషాలు ప్రశ్నలు, అదే టైముకు పక్క హాల్లో పెద్దోళ్ళది ఏదో ఉంటే నీ హాల్లో ఎనిమిది మంది కూచుంటారు, వాళ్ళలో ముగ్గురు ఫోన్ చూసుకుంటుంటారు. పోస్టర్‌లో గంట, గంటన్నర నువ్వు నిలబడతావు, నీ ముందర నిలబడినోడు కావాలని వచ్చినోడే, ఒక్కొక్కరితో ఐదు పది నిమిషాలు మామూలుగా మాట్లాడుకోవచ్చు, ఇంగ్లీషు తడబడినా ఎవరూ పట్టించుకోరు ఎందుకంటే అక్కడికొచ్చినోళ్ళలో చాలామందికి అది సొంత భాష కాదు. నీలాగా స్టేజీ భయం ఉన్నోళ్ళకు పోస్టరే మేలు.

వీసాకు నువ్వు ఏ కాన్సులేట్ కిందికి వస్తావో ముందు చూసుకో, ఒక్కో దేశానికి ఒక్కో మాదిరి. షెంగెన్ వీసాకు (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు, జులై అంటే మనోళ్ళందరూ సమ్మర్ టూర్లకు ఎగబడే సీజన్, అపాయింట్‌మెంట్ దొరకదు, ఏప్రిల్‌లోపు కానిచ్చెయ్. ఫీజు 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవర్ ఉండేది తీసుకో. ఇన్విటేషన్ లెటర్‌లో నీ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అచ్చం రాయించుకో, మన ఇంటిపేర్లతో అక్కడే తంటా, ఇంటిపేరు ముందు రాస్తే వాళ్ళు అదే నీ పేరు అనుకుంటారు.

ఉగ్గానిబజ్జి, అనంతపురం | ఫిబ్రవరి 14, రాత్రి 8:12

అన్నా శానా థాంక్స్, ఇది ఎవరూ చెప్పలేదు నాకు. ఇంకో ఇబ్బంది వచ్చింది, చెప్పాలంటే సిగ్గుగా ఉంది. గైడ్ సార్ ఇప్పుడు పోవడానికి ఒప్పుకున్నాడు గానీ పోస్టర్ మీద ఆయన పేరు మొదట ఉండల్లంట, నాది రెండోది. అబ్‌స్ట్రాక్ట్‌లో నాదే మొదట ఉండాది. ఏం చెయ్యల్ల?

కొండారెడ్డి బురుజు, కర్నూలు | ఫిబ్రవరి 14, రాత్రి 9:00

కొట్లాడొద్దు, సంతకాలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. ఏపీఏ (అమెరికా సైకాలజిస్టుల సంఘం) వాళ్ళ ఎథిక్స్ కోడ్‌లో ఉంది చూడు, విద్యార్థి పీహెచ్‌డీ పని మీద ఆధారపడిన పేపరయితే ఏదో అరుదైన పరిస్థితిలో తప్ప విద్యార్థి పేరే ముందు ఉండాలని. అది ప్రింట్ తీసుకుపోయి 'సార్, అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్న పేర్ల వరుస ఇప్పుడు మారిస్తే ప్రోగ్రాం బుక్‌తో తేడా వస్తుందేమో, మీరే చూసి చెప్పండి' అని ఆయన్నే నిర్ణయించమను. చెప్పినట్టు ఉండకూడదు, అడిగినట్టు ఉండాలి. ఇరవై ఏళ్ళ సర్వీసులో నేర్చుకున్న విద్య ఇదొక్కటే.

ఉగ్గానిబజ్జి, అనంతపురం | ఏప్రిల్ 19, సాయంత్రం 6:33

అప్‌డేట్. సార్ కాగితం చదివి ఏమీ మాట్లాడలేదు, రెండు దినాలయినాక 'అట్లే కానీ' అన్నాడు. బురుజు సార్‌కు దండం.

దుడ్ల సంగతి. ఐసీఎస్ఎస్ఆర్ (ఢిల్లీలో ఉండే సోషల్ సైన్స్ రీసెర్చ్ కౌన్సిల్) వాళ్ళు సోషల్ సైన్స్ వాళ్ళకు విదేశీ సభలకు సాయం చేస్తారు, తెలుసు, కానీ మా ఆఫీసులో ఫార్వర్డింగ్ లెటర్ ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోయేలోపు గడువు దాటిపోయింది. ఎవరన్నా వచ్చే సంవత్సరం పోవాలనుకుంటే అబ్‌స్ట్రాక్ట్ పంపించిన దినం నుంచే ఆ కాగితం వెంట పడండి. సభ వాళ్ళకు మెయిల్ రాస్తే రిజిస్ట్రేషన్‌లో కొంచెం తగ్గించినారు, అడిగితే తగ్గిస్తారని నాకు తెలీదు. మిగిలింది మా యమ్మ గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చినాం. గాజుల గురించి చెప్పేకి గాజులు తాకట్టు పెట్టి పోతాండావు అని మా చెల్లెలు ఒకటే నవ్వు. వీసా బెంగళూరులో అయిపోయింది. మా చేనికి సంబంధించిన పాస్‌బుక్ కూడా పెట్టినా, వెనక్కి తిరిగి వస్తానని నమ్మాల కదా.

రాగిసంగటి, జమ్మలమడుగు | ఏప్రిల్ 19, సాయంత్రం 7:10

అనంతపురం చేను చూపిస్తే వాళ్ళకు అనుమానం ఎక్కువవుతుంది మ్మే, ఆ చేను కోసం ఎవరన్నా తిరిగొస్తారా

ఉగ్గానిబజ్జి, అనంతపురం | జూన్ 27, రాత్రి 11:15

నవ్వుతారనే రాస్తాండా. పోస్టర్ ఏ-జీరో సైజు, అంటే 84.1 సెంటీమీటర్ల వెడల్పు, 118.9 ఎత్తు. అనంతపురంలో అది ఎవరు కొడతారు, ఫ్లెక్సీ అంగడి తప్ప? క్లాక్ టవర్ పక్క సందులో ఒక అంగడికి పోయినా. అడుగు లెక్క కట్టి పదకొండు అడుగులు అన్నాడు. ఫైల్ తెరిచి చూసి మొదటి ప్రశ్న 'ఫోటో ఏదిక్కా?' ఏ ఫోటో అంటే 'నీది. ఇంత ఖాళీ వదిలినావే, మూలన నమస్కారం పెట్టే ఫోటో వేస్తే నిండుగుంటుంది'. వద్దంటే ఒప్పుకోలే, కనీసం పైన బంతిపూల బార్డర్ అన్నా అన్నాడు.

మల్ల ఫాంట్ గోల. నేను 'పెండ్లి నేను చేసుకుంటినా? చేసిరి' అనే మాట తెలుగులోనే పెద్దగా పెట్టినా, కింద ఇంగ్లీషు. ఆయన కోరల్ డ్రాలో తెరిస్తే ఒత్తులన్నీ విడిపోయి చెల్లాచెదరు. యూనికోడ్ మాకు రాదక్కా, అను ఫాంట్లోనే కొట్టల్ల అని తనే కూచోని కొట్టినాడు. కొడతా కొడతా చదివినాడు. మొత్తం పోస్టర్‌లో ఆయనకు అర్థమయ్యేది ఆ ఒక్క లైనూ, గాజుల బొమ్మే. ఇది కువైట్ వాళ్ళ కతనా అని అడిగినాడు. అవునన్నా. వాళ్ళమ్మ పదకొండేండ్లు ఆడుండి వచ్చిందంట, ఈయప్ప సొంతూరు రాయచోటి పక్కనే, ఇక్కడ పిల్లనిచ్చిన ఊరు. మౌస్ వదిలేసి నా పక్క తిరిగి 'అక్కా, అంతా రాసినావు గానీ, ఆయమ్మలు వచ్చేసినాక ఇద్దరూ బాగుండారా లేదా అది యాడా రాయలేదే' అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నేను అడిగింది దూరంగా ఉన్నోళ్ళనే, వచ్చేసినోళ్ళను అడగలేదు. వాళ్ళమ్మా నాయనా ఎట్లుండారు అని నేను అడగబోయేలోపు ఎవరో పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం వచ్చినారు.

హిందూపూర్ టు బెంగళూరు | జూన్ 28, ఉదయం 7:20

ఫ్లెక్సీ మీద కొట్టించినావా!! గుడ్డ మీద ప్రింట్ చేసిస్తారు బెంగళూరులో, మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు. సరే అయింది. చుట్టి ఒక గట్టి గొట్టంలో పెట్టు, చెక్-ఇన్‌లో వెయ్యొద్దు, చేతిలోనే ఉంచుకో. ఆ వాసన పోయేదాకా రెండు దినాలు మిద్దె మీద ఆరెయ్. అనంతపురం నుంచి బస్సులో వస్తే సిటీలోకి రావద్దు, దేవనహళ్ళి తర్వాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు తిరిగేచోట దిగి ఆటోనో క్యాబో పట్టుకో, మూడు గంటలు మిగులుతాయి.

ఉగ్గానిబజ్జి, అనంతపురం | జూన్ 28, ఉదయం 8:02

గొట్టం దొరికింది అన్నా. మా చేనులో మిగిలిన పీవీసీ పైపు ముక్క, మా నాయన రెండు పక్కలా మూతలు బిగించి ఇచ్చినాడు.

కొండారెడ్డి బురుజు, కర్నూలు | జూన్ 28, ఉదయం 8:15

అనంతపురం వాళ్ళు యాడికి పోయినా బోరు పైపు ఎత్తుకునే పోతారబ్బా

దేవునికడప, కడప | జులై 24, రాత్రి 9:30

అక్కా వచ్చేసినావా? నెల కావస్తాంది. ఏమయింది చెప్పు

ఉగ్గానిబజ్జి, అనంతపురం | జులై 26, రాత్రి 12:20

వచ్చి వారమయింది, నిద్ర ఇంకా సరిగ్గా పట్టడం లేదు, అందుకే ఈ టైములో రాస్తాండా.

మొదటి రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. టీ బ్రేక్‌లో అందరూ గుంపులు గుంపులుగా నిలబడి కప్పు పట్టుకోని నవ్వుతాంటారు, నేను పోయి ప్రోగ్రాం బుక్ చదువుతా గోడ పక్కన నిలబడినా, ఆ బుక్కు నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. ఓరల్ సెషన్లు కొన్ని విన్నా. ఒకాయన పదిహేను నిమిషాల్లో నలభై స్లయిడ్లు తిప్పినాడు, సగం పట్టికలే, ఆయన ఏం కనుక్కున్నాడో ఆయనకు తప్ప ఎవరికీ తెలీలేదు. ఇంకొకామె ఒకే ఒక గ్రాఫ్ పెట్టి దాన్ని అటూ ఇటూ తిప్పి చెప్పింది, అది మాత్రం ఇప్పటికీ గుర్తుంది. దాదాపు అందరి శాంపిలూ తమ కాలేజీ పిల్లలే. ఎవరూ వాళ్ళను 'మీ శాంపిల్ లోకమంతటికీ వర్తిస్తుందా' అని అడగలేదు.

రెండో రోజు సాయంత్రం నా పోస్టర్. వాళ్ళు ఇచ్చింది చిన్న గుండు పిన్నులు, పక్కనోళ్ళవి కాగితాలు, నాది ఫ్లెక్సీ, బరువు. పైన నాలుగు గుచ్చినా, రెండు నిమిషాలకు చుట్టుకోని ధడాల్న నా నెత్తిన పడింది. హాల్లో అందరూ తిరిగి చూసినారు. నా పక్క బోర్డు అమ్మాయి, టర్కీ నుంచి వచ్చింది, తన దగ్గర ఉండే టేపు తెచ్చి ఇద్దరం కలిసి అతికించినాం. అట్ల నాకు మొదటి పరిచయం.

ఆ అమ్మాయే మొదట అడిగింది, పైన ఉండే ఆ గుండ్రటి అక్షరాలు ఏం భాష, చదివి వినిపించు అని. చదివినా. 'చేసుకుంటి'లో 'కొను' చేరితే తనకోసం తానే చేసినట్టు, 'చేసిరి' అంటే వాళ్ళు చేసినారు, ఒక్క మాట మార్పులో పెండ్లి ఎవరిదో మారిపోతుంది అని చేతులూపుతా చెప్పినా. తను వెంటనే వాళ్ళ భాషలో కూడా పెండ్లాడటానికి ఒక మాట, పెండ్లి చేయబడటానికి ఇంకో మాట ఉందని చెప్పింది. ఇంగ భయం యాడికి పోయిందో తెలీదు. రెండు గాజులు బోర్డు ముందర బల్ల మీద పెట్టి వచ్చినోళ్ళను మీరూ మీ మనిషినీ పెట్టండి అన్నా. జనం ఆగి ఆడుకోవడం మొదలుపెట్టినారు. ఒకాయన భార్య వేరే దేశంలో ఉద్యోగమంట, గాజు పట్టుకోని అచ్చం మన రాయచోటి ఆయన మాదిరే మధ్యలో ఆగిపోయినాడు.

ఒకాయన మాత్రం వదల్లేదు. మీవి ఒక తాలూకాలో కొన్ని ఊర్లు, దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నాడు. 2010లో హెన్రిచ్, హైన్, నోరెన్‌జయన్ రాసింది చెప్పినా, సైకాలజీ అంతా పాశ్చాత్య దేశాల చదువుకున్నోళ్ళ మీదే కట్టినారని, మరి ఆ కాలేజీ పిల్లల్ని ఎంతవరకు నమ్మొచ్చు సార్ అన్నా. నోరు జారినాననుకున్నా. నవ్వి, కార్డు ఇచ్చి పోయినాడు.

అరేంజ్డ్ మ్యారేజీలో ప్రేమ పెరుగుతుందంట కదా అని ముగ్గురు అడిగినారు, మేడం మీరు దాని గురించి చెప్పి పంపించినారు కాబట్టి సరిపోయింది.

చివర్లో, పిన్నులు పీకేస్తాంటే ఒక పెద్దావిడ వచ్చింది. తెల్లజుట్టు, మెల్లగా మాట్లాడుతుంది. మొత్తం చదివి అడిగిన ప్రశ్న: వాళ్ళు తిరిగొచ్చాక ఏమవుతుంది? అచ్చం ఫ్లెక్సీ అంగడి ఆయప్ప ప్రశ్న. నేను ఈసారి తడుముకోలేదు, లారా స్టాఫర్డ్ వాళ్ళు దూరంగా ఉన్న కాలేజీ ప్రేమికుల మీద చేసినారు, ఒకే ఊర్లోకి వచ్చినోళ్ళలో దాదాపు మూడో వంతు మూణ్ణెల్లలోపే విడిపోయినారు, దూరంలో ఉన్నప్పుడు మనిషిని ఊహించుకోని బతుకుతారు, దగ్గరికొస్తే ఆ ఊహ నిలవదు అన్నది వాళ్ళ వాదన, కానీ మా దగ్గర విడిపోవడం అనేది లెక్కలోకే రాదు, కాబట్టి విడిపోయినారా అని కాదు నేను అడగాల్సింది, వేరేది అడగల్ల, ఏం అడగల్లో ఇంకా తెలీదు అని చెప్పినా. ఈ ప్రశ్న మా ఊర్లో నా పోస్టర్ ప్రింట్ చేసినాయన కూడా అడిగినాడని చెప్తే ఆమె తన నోట్‌బుక్ తీసి రాసుకుంది.

చిత్రావతి ఒడ్డు, ధర్మవరం | జులై 26, ఉదయం 6:10

చదివి రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నాను. ఆ అరేంజ్డ్ మ్యారేజీ సంగతి ఇక్కడివాళ్ళకూ చెప్పడం మంచిది, వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. అది 1982లో జైపూర్‌లో గుప్తా, సింగ్ చేసింది, 50 జంటలు. ఐదేళ్ళు దాటిన వాళ్ళలో పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళవాళ్ళకు ప్రేమ మార్కులు ఎక్కువొచ్చాయి. కానీ వాళ్ళు ఒకే జంటను ఏళ్ళ తరబడి వెంబడించి చూడలేదు, వేర్వేరు వయసు పెళ్ళిళ్ళను పక్కపక్కన పెట్టి చూశారు. 2012లో అమెరికాలో ఉన్న భారతీయుల్ని చూస్తే రెండు రకాల పెళ్ళిళ్ళకూ తేడా కనబడలేదు. ఏభై జంటల మీద ఒక జాతి మొత్తానికి సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నారు మనవాళ్ళు.

రాగిసంగటి, జమ్మలమడుగు | జులై 26, ఉదయం 9:00

మ్మే నేను అన్న మాట వెనక్కి తీసుకుంటాండా, అరుగు మీద ఇది తేలేది కాదు. కానీ ఒకటి అడుగుతా, కువైట్ పోయేది శానావరకు ముప్పై దాటిన ఆడోళ్ళే ఎందుకు? మా ఊర్లోనూ అంతే.

ఉగ్గానిబజ్జి, అనంతపురం | జులై 26, ఉదయం 9:40

రూలు అన్నా. ఈసీఆర్ పాస్‌పోర్ట్ (పది పాసు కానోళ్ళకు ఇచ్చేది, గల్ఫ్‌కు పనికి పోవాలంటే ముందు సర్కారు క్లియరెన్స్ కావల్ల) ఉన్న ఆడోళ్ళకు ముప్పై నిండితేనే ఆ క్లియరెన్స్ ఇస్తారు. అంటే పోయేటప్పటికి పిల్లలు బడికి పోయే వయసు. ఆడికీ ఇక్కడికీ రెండున్నర గంటలు తేడా, వాళ్ళు పని ముగించుకోని రాత్రి పదిన్నరకు ఫోన్ చేస్తే ఇక్కడ ఒంటిగంట, పిల్లలు నిద్రపోయుంటారు. కాబట్టి మాట్లాడేది మొగుడితోనే. పిల్లల గురించే మాట్లాడుకుంటారు గానీ పిల్లలుండరు. ఒకాయన నిద్రపోయే పిల్లల మీదికి ఫోన్ పట్టుకోని పావుగంట నిలబడతాడంట రోజూ, మాటా పలుకూ లేకుండా.

దేవునికడప, కడప | జులై 26, ఉదయం 10:05

అక్కా ఇప్పుడేం చేస్తావు మల్ల? థీసిస్ రాసేస్తావా?

ఉగ్గానిబజ్జి, అనంతపురం | జులై 26, ఉదయం 10:30

రాయల్ల. కానీ ముందు వచ్చేసినోళ్ళను కలవల్ల. నిన్న ఫ్లెక్సీ అంగడికి పోయినా, పోస్టర్ ఫోటోలు చూపించేకి. ఆయప్ప అంతా చూసి, మడత పడి టేపు వేసిన మూల చూసి, గుడ్డ మీద కొట్టించింటే పడేది కాదు కదక్కా అన్నాడు. అదీ ఇప్పుడు చెప్తాండాడు. మల్ల వాళ్ళమ్మను అడిగినాడంట, మాట్లాడతానన్నదంట, కానీ వాళ్ళ నాయన ఇంట్లో లేనప్పుడు రమ్మనింది. ఆదివారం పోతాండా. రాయచోటికి కడప నుంచి పోవల్లా, కదిరి మీదుగా నేరుగా బస్సుందా, ఎవరికన్నా తెలుసా?

దేవునికడప, కడప | జులై 26, ఉదయం 10:34

కదిరి మీదుగా పో అక్కా. కడపకొస్తే చుట్టు తిరుగుడు. ఈసారి పైపు తీసుకురావద్దు